తీసేశాడని చెప్పడానికి మనకి మాటే లేదు

ఈ నెల నా దగ్గరికొచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే సంగతి మీద ఉండాయి, కలిసేటప్పుడు ఆడమనిషికి చెప్పకుండా కండోమ్ తీసెయ్యడం. రాసినోళ్లు ఒకరికొకరు తెలియదు, అందరూ పెద్దోళ్లే, ఇరవై ఐదు దాటినోళ్లు. గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చాను. ఇంకోటి, ఈ నలుగురికీ మెసేజ్ చూసిన రోజే ఫోన్లో జవాబు చెప్పేశాను, ఎందుకంటే ఇది పత్రిక వచ్చేదాకా ఆగే విషయం కాదు, గంటల లెక్క. ఇప్పుడు రాసేది మిగతా మీ అందరి కోసం.

అక్కా, నాకు 27 ఏళ్లు. మాది కావలి దగ్గర పల్లె, నెల్లూరులో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తా. రెండేళ్లుగా ఒకబ్బాయితో ఉండా, ఇంట్లో తెలియదు, వచ్చే ఏడు చెబుదామనుకున్నాం. కండోమ్ లేకుండా వద్దని మొదటి రోజే చెప్పా, సరేనన్నాడు. పోయిన ఆదివారం రాత్రి మధ్యలో నాకు తెలియకుండా తీసేశాడు, అంతా అయిపోయాక చూసుకున్నా. అడిగితే నవ్వాడు, ఏమవుద్ది, నేనే కదా అన్నాడు. నేను ఏం మాట్లాడలేదు, పొద్దున్నే బస్సెక్కి రూముకొచ్చేశా. రూమ్మేట్‌కి చెబితే నువ్వు ఒప్పుకునే కదా పోయింది, ఇప్పుడేంది అంది. నెట్‌లో వెతికితే స్టెల్తింగ్ అని ఏదో పేరొచ్చింది. మాత్ర తెచ్చుకుందామంటే మా ఊరోళ్లు ఎవరన్నా చూస్తారేమోనని మూడు రోజులు మందుల షాపు ఉండే వీధిలోకే పోలేదు. ఇవాళ గురువారం. నిజంగా తప్పు జరిగిందా, నేనే ఎక్కువ చేస్తుండానా?

తప్పే జరిగింది తల్లీ. నువ్వు ఎక్కువ చెయ్యట్లేదు, ఇంకా తక్కువే చేస్తుండావు.

మీ రూమ్మేట్ మాట ముందు తీసేద్దాం. నువ్వు కండోమ్ ఉంటే సరే అన్నావు. అది లేకుండా జరిగినదానికి నువ్వు సరే అనలేదు, నిన్ను ఎవరూ అడగను కూడా అడగలేదు. గదిలోకి పోయినందుకు అన్నిటికీ ఒప్పుకున్నట్టే అనే లెక్క మనోళ్లలో ఎంత లోతుగా పాతుకుపోయిందంటే చదువుకున్న ఆడపిల్ల నోట్లోంచి కూడా అదే వస్తుంది, ఆ అమ్మాయి చెడ్డదని కాదు, చిన్నప్పటి నుంచి విన్నదే చెప్పింది. అతను అడిగి ఉంటే నువ్వు వద్దంటావని అతనికి తెలుసు కాబట్టే అడగలేదు, నీకు తెలియకుండా తీశాడు. పొరపాటున జరిగిందని అనుకోడానికి ఇక్కడ సందే లేదు.

నువ్వు చూసిన పేరు ఇంగ్లీషులో వాడుక మాట, దొంగచాటుగా చెయ్యడం అని దాని అర్థం. 2017లో అమెరికాలో అలెగ్జాండ్రా బ్రాడ్‌స్కీ అనే ఆమె ఒక లా జర్నల్లో దీని మీద పెద్ద వ్యాసం రాసింది, అప్పుడే ఈ పేరు పేపర్లకెక్కింది. ఆ తర్వాత 2021లో కాలిఫోర్నియాలో చట్టం వచ్చింది, మాట తీసుకోకుండా కండోమ్ తీసేస్తే ఆ మనిషి మీద నష్టపరిహారానికి దావా వెయ్యొచ్చని. 2022లో కెనడా సుప్రీంకోర్టు ఇంకా తేటగా చెప్పింది, కండోమ్‌తో కలవడం వేరు, లేకుండా కలవడం వేరు, ఒకదానికి ఒప్పుకుంటే రెండోదానికి ఒప్పుకున్నట్టు కాదని. బెర్లిన్‌లో 2018లోనే ఒక పోలీసాయనకి శిక్ష పడింది ఇదే పనికి. ఇదంతా ఎందుకు చెబుతుండానంటే, నీకు కడుపులో తిప్పినట్టైంది చూడు, అది నీ ఒక్కదాని పిచ్చి కాదు, ప్రపంచంలో కోర్టుల దాకా పోయిన సంగతి అని.

మన దగ్గర దీనికని విడిగా సెక్షన్ లేదు. కానీ 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో రేప్ గురించిన 63వ సెక్షన్ కింద సమ్మతి అంటే ఏందో రాసుంది, ఆ ప్రత్యేకమైన పనికి ఆడమనిషి మాటతోనో సైగతోనో స్పష్టంగా, తన ఇష్టంతో ఒప్పుకోవడం అని, ఒళ్లు విదిలించి ఎదురుతిరగలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అనకూడదని కూడా అక్కడే ఉంది. దీనికి ముందున్న పాత ఐపీసీ చట్టంలోనూ 2013 నుంచి ఇదే ఉంది. అసలు సంగతి దాచిపెట్టి, తప్పుడు నమ్మకం మీద తీసుకున్న ఒప్పుకోలు ఒప్పుకోలే కాదని 28వ సెక్షన్ చెబుతుంది. కేసు పెట్టాలా వద్దా అనేది నీ ఇష్టం, నేను తొయ్యను ఆపను, లాయర్‌తో మాట్లాడి తేల్చుకోవాల్సింది అది. కాకపోతే ఆ రోజు బట్టలు ఉతక్కుండా పేపర్ కవర్లో పెట్టు, ప్లాస్టిక్ కవర్ వద్దు, చెమ్మ పట్టి పాడవుద్ది. అతనితో ఫోన్లో మాట్లాడిన మెసేజ్‌లు ఉంటే చెరపొద్దు. రేపెప్పుడో మనసు మారితే కావాలి.

ఇప్పుడు అసలు పని, గంటల లెక్క. ఇట్టాంటిది జరిగిన 72 గంటల్లోపు అయితే గర్భం రాకుండా మందుల షాపులో లెవోనార్జెస్ట్రెల్ అని 1.5 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి దొరుకుద్ది, చీటీ అక్కర్లేదు, ఎంత తొందరగా వేసుకుంటే అంత బాగా పనిచేస్తుంది. వేసుకున్న రెండు మూడు గంటల్లో వాంతి అయితే ఇంకోటి వేసుకోవాలేమో డాక్టర్‌ని అడగాలి. హెచ్‌ఐవి సోకకుండా కూడా మాత్రలుంటాయి, అవీ 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, మొదటి రెండు గంటల్లో అయితే ఇంకా మంచిది, 28 రోజులు మానకుండా వాడాలి. ఇవి పెద్ద గవర్నమెంట్ ఆస్పత్రుల్లో ఉచితం. చాలామంది గర్భం మాత్ర వేసుకుంటే అన్నీ తీరిపోయినట్టు అనుకుంటారు, ఆ మాత్రకీ రోగాలకీ సంబంధం లేదు.

నీకు ఆ 72 గంటలు దాటిపోయాయి. నీ మెసేజ్ చూసి నేను మొదట ఏడ్చింది దానికే, ఆ మూడు రోజులూ నువ్వు రూములో గమ్మున కూర్చున్నావు, ఒక మాత్ర తెచ్చుకోడానికి సిగ్గుపడి. అయినా నీకు దారి ఉంది కాబట్టే ఆ రోజే పరిగెత్తమన్నా, ఐదు రోజుల్లోపు కాపర్ టీ వేయించుకుంటే గర్భం రాకుండా ఆపుద్ది, మాత్ర కంటే అదే గట్టిది. హెచ్‌ఐవి పరీక్ష అప్పుడొకసారి, ఆరు వారాలకి, మూడు నెలలకి. సుఖవ్యాధుల రక్తపరీక్ష కూడా చేయించుకో, హెపటైటిస్ బి కామెర్ల టీకా సంగతి అడుగు. నెల తప్పితే ఇంట్లో పరీక్ష చేసుకో, మందుల షాపోడు ఇచ్చే అబార్షన్ కిట్ సొంతంగా మింగొద్దు, రక్తం ఆగక ఆస్పత్రికి తెచ్చిన పిల్లల్ని నేను చూశాను. పెళ్లి కాకపోయినా డాక్టర్ దగ్గర అబార్షన్ చేయించుకునే హక్కు నీకుంది, 2021లో చట్టం మార్చినప్పుడు భర్త అనే మాట తీసి భాగస్వామి అని పెట్టారు, పెళ్లైనోళ్లకీ కానోళ్లకీ తేడా లేదని 2022 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

ఊరోళ్లు చూస్తారన్న భయం నాకు తెలియనిది కాదు. ట్రంకు రోడ్డు మీద మందుల షాపులో ఎవరో ఒకరు మనోళ్లే నిలబడి ఉంటారు, షాపబ్బాయి నల్ల కవర్లో చుట్టి ఇస్తాడు, ఆ చుట్టే తీరులోనే అందరికీ తెలిసిపోద్ది. గవర్నమెంట్ ఆస్పత్రిలో హెచ్‌ఐవి పరీక్షలు చేసే కౌన్సెలింగ్ సెంటర్‌కి పో, ఆడ నీ సంగతి బయటికి చెప్పడానికి వాళ్లకి హక్కు లేదు, దానికి 2017లో చట్టమే ఉంది. పోలేకపోతే హెచ్‌ఐవి హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చెయ్యి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆడోళ్లకి ఏ కష్టమొచ్చినా 181 ఉంది. ఆస్పత్రిలో కేసు పెడితేనే చూస్తాం అంటే ఊరుకోవద్దు, ముందు వైద్యం చెయ్యడం వాళ్ల బాధ్యత. కన్నెపిల్లవా కాదా అని వేళ్లు పెట్టి చూసే పాత పరీక్ష చెయ్యకూడదని సుప్రీంకోర్టు 2022లో మళ్లీ గట్టిగా చెప్పింది, ఎవరన్నా ఆ మాటెత్తితే వద్దని లేచొచ్చేయ్.

ఒక సంగతి గుర్తొస్తుంది నాకు. 2000 తర్వాత మన రాష్ట్రంలో గోడల మీద, బస్సుల మీద పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా అని రాసుండేది, ఎవరీ పులిరాజా అని టీ కొట్ల దగ్గర అదే మాట. అప్పుడు దేశంలో హెచ్‌ఐవి ఎక్కువున్న రాష్ట్రాల్లో మనదొకటి, హైవే పక్క ఊర్లలో ఎన్ని ఇళ్లు చితికిపోయాయో చూసినోళ్లం. గోడ మీద అంత పెద్దక్షరాల్లో చదివిన మాటని మనం మంచం మీద నోటితో అనలేకపోయాం, ఇంకా అనలేకపోతుండాం. నువ్వు మొదటి రోజే అన్నావు. ఆ అన్న మాటని అతను కాళ్ల కింద వేసి తొక్కాడు. అతనితో పెళ్లి సంగతి నేను తేల్చను గానీ నవ్వాడు అన్నావు చూడు, ఆ నవ్వు మాత్రం మర్చిపోకుండా ఆలోచించుకో.

అక్కా, నాకు 31. కందుకూరు పక్క. మా ఆయన లారీ మీద పోతాడు, రొయ్యల లోడు, నెలకి పది రోజులు ఇంట్లో ఉంటాడు. పోయినేడు ఆపరేషన్ చేసి బాబుని తీశారు, రెండేళ్లు గ్యాప్ ఉండాలన్నారు డాక్టరమ్మ. కండోమ్ వాడతానంటాడు, మధ్యలో తీసి పారేస్తాడు, తర్వాత చెబుతాడు. మూడుసార్లైంది. మా అత్తతో నోరు జారి అన్నా, మొగుడితో కూడా లెక్కలేందమ్మే అంది. నాకు చచ్చేంత భయంగా ఉంది.

మీ అత్తని నేను తిట్టను. ఆమెని ఎవరూ ఏ రోజూ అడిగుండరు నీకిష్టమా అని. ఒకసారి మన రాష్ట్రం లెక్కలు చూడు, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదోసారి చేసినప్పుడు ఆంధ్రాలో పెళ్లైన ఆడోళ్లలో నూటికి దాదాపు 70 మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నోళ్లే, కండోమ్ వాడే జంటలు నూటికి ఒకటి కూడా లేవు. అంటే పిల్లలు వద్దనుకునే బరువంతా ఆడదాని పొట్ట మీద కోతగానే పడుతుంది, మగోడు ఒక రబ్బరు తొడుగు తొడుక్కోవడం కూడా ఈ నేల మీద ఇంకా మామూలు సంగతి కాలేదు. ఆ లోకంలో పుట్టిన ఆమె అట్టనే మాట్లాడుద్ది. కానీ నువ్వు మాత్రం ఆ మాట మనసులో పెట్టుకోవద్దు. కోత కోసిన గర్భసంచికి తొందరగా మళ్లీ కడుపొస్తే కుట్టు దగ్గర చిట్లే ప్రమాదం ఉంటుంది, డాక్టరమ్మ ఊరికే అనలేదు.

చట్టం సంగతి ఉన్నదున్నట్టు చెబుతా. 18 దాటిన భార్య మీద భర్త చేస్తే అది రేప్ కాదనే మినహాయింపు మన చట్టంలో ఇంకా ఉంది. దాని మీద సుప్రీంకోర్టు దాకా పోయి ఉండారు. నాకైతే ఆ మినహాయింపు ఉండకూడదు, ఆ మాట ఎక్కడైనా చెబుతా. కానీ చేతిలో ఏమీ లేదనుకోవద్దు, 2005 గృహహింస చట్టంలో లైంగిక హింస కూడా ఉంది, ఆడదాని గౌరవాన్ని దెబ్బతీసే ఏ లైంగిక ప్రవర్తనైనా దాని కిందకొస్తుంది, ఆ చట్టం కింద గవర్నమెంట్ పెట్టిన ప్రొటెక్షన్ ఆఫీసర్‌కి చెప్పుకోవచ్చు, మొగుడు జైలుకి పోవాలనేం లేదు, ఇట్టా చెయ్యకూడదని కోర్టు ఆర్డర్ తెచ్చుకోవచ్చు.

అంతకంటే ముందు నీ ఒంటిని కాపాడుకో. ఆయన తీసినా నీకు కడుపు రాకుండా నీ చేతిలో ఉండేవి ఉండాయి. కాపర్ టీ ఉంది. అంతర అని ఇంజెక్షన్ ఉంది, మూడు నెలలకొకటి, గవర్నమెంట్ ఆస్పత్రుల్లో ఉచితం. ఛాయ అని మాత్రలుండాయి, హార్మోన్ లేనివి, మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికొకటి, పాలిచ్చే తల్లులు కూడా వాడొచ్చు. మీ ఊరి ఆశా కార్యకర్తని అడుగు, ఎవరు ఏం వాడుతున్నారో వాళ్లు బయట చెప్పకూడదు, ఆమె మీద నమ్మకం లేకపోతే కాన్పు చేసిన డాక్టరమ్మ దగ్గరికే పో. ఇవన్నీ కడుపు ఆపేవే గానీ రోగాన్ని ఆపవు, అందుకని ఆయన కూడా పరీక్షలు చేయించుకోవాలి. లారీ మీద పోయేటోళ్లందరూ తప్పు చేస్తారని నేను అనట్లేదు, ఆ ముద్ర వేసి ఎంతమందిని బాధపెట్టారో తెలుసు. కండోమ్ వాడమన్నంత మాత్రాన నన్ను అనుమానిస్తుండావా అని ఆయన ఎగిరితే, అనుమానం కాదు, కుట్టు అని చెప్పు. డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరూ కలిసి పోండి, ఆమెతో చెప్పించు, ఆడదాని మాట ఇంట్లో వినని మగోడు తెల్లకోటు మాట వినడం నేను చాలాసార్లు చూశాను, ఉండకూడని పద్ధతే అది, కానీ నీ ప్రాణం దక్కడం ముందు.

ఆయన మాటకి లొంగకపోతే కొడతాడన్న భయం ఉంటే మాత్రం ఎదురు మాట్లాడొద్దు, చెప్పకుండానే కాపర్ టీ వేయించుకో. అట్టా దాచుకోవాల్సి రావడం నీ తప్పు కాదు.

కండోమ్ మధ్యలో చిరిగిపోతే కూడా ఇదేనా మేడమ్? మా ఇద్దరికీ దీని మీద గొడవైంది. (కనిగిరి, 26)

కాదు. చిరగడం ప్రమాదం, తీసెయ్యడం మోసం. కానీ చిరిగిందని తెలిసిన క్షణంలో ఆగి చెప్పాలి, తెలిసి కూడా ఆపకుండా కానిస్తే అది మోసంలోకే పోద్ది. మాత్రలు, 72 గంటల లెక్క పైన రాసిందే. చిరక్కుండా ఉండాలంటే కొబ్బరి నూనె, వాజలిన్ పూయొద్దు, రబ్బరు పాడవుద్ది, నీళ్లతో తయారైన జెల్ వాడండి. ఒకటి మీద ఒకటి రెండు వేస్తే ఇంకా తొందరగా చిరుగుద్ది. పర్సులో, బండి డిక్కీలో నెలలు నెలలు పెట్టొద్దు, మన మే నెల ఎండకి డిక్కీలో ఏముంటే అది ఉడికిపోద్ది.

మేడమ్, నాకు 29, ఒంగోలు. మా ఫ్రెండ్స్ గ్రూపులో ఈ స్టెల్తింగ్ గురించి గొప్పగా చెప్పుకుంటారు, వీడియోలు షేర్ చేస్తారు, ఆడోళ్లకి తెలియను కూడా తెలియదురా అంటారు. నేను కూడా రెండు నెలల క్రితం ఒకసారి చేశా. ఆమెకి తెలియదు. తర్వాత మీరు రాసే ఈ పేజీ మా అక్క ఇంట్లో చదివా. నాకు నిద్ర పట్టట్లేదు. ఏం కాలేదు కదా, చెప్పకుండా వదిలేస్తే ఏమవుద్ది?

నాయనా, ఏం కాలేదని నీకెట్టా తెలుసు? నీ ఒంట్లో ఏముందో నువ్వు పరీక్ష చేయించుకున్నావా? ఆమెకి నెల తప్పిందో లేదో అడిగావా? ఏం కాలేదు అని నువ్వన్నది నీకు ఏం కాలేదని మాత్రమే.

నువ్వు రాసినందుకు నిన్ను తక్కువ చెయ్యను, రాయడం కష్టం, వంద మంది మగోళ్లు ఇది చేసుంటారు, ఒకడు రాశాడు. కానీ చేసిన పని చిన్నది అని కూడా అనను. సుఖం కోసం అంటారు గ్రూపుల్లో, నాకు ఆ మాట మీద నమ్మకం లేదు, ఎందుకంటే సుఖమే కావాలంటే పల్చటివి ఉండాయి, సైజు సరిపోనప్పుడు బిగుతుగా ఉంటుంది, సైజులు మార్చి చూసుకోవచ్చు, జెల్ వాడొచ్చు, ఆమెని అడగొచ్చు, ఇద్దరూ పరీక్షలు చేయించుకుని వేరే పద్ధతి పెట్టుకుని మానెయ్యొచ్చు. ఇవేవీ చెయ్యకుండా ఆమె కళ్లు కప్పి తీశారంటే వాళ్లకి కావాల్సింది గెలవడం. ఆమె పెట్టిన షరతుని ఆమెకి తెలియకుండా దాటేశానని తర్వాత పదిమందికీ చెప్పుకోవడం. ఆ గ్రూపులో వీడియోలు షేర్ చేస్తుండారంటే ఆ ఆడోళ్లకి తెలిసే షూట్ చేశారా? ఒప్పుకోకుండా తీసినా, ఒప్పుకుని తీసినదాన్ని ఒప్పుకోకుండా పంపినా నేరమే, న్యాయ సంహితలో 77వ సెక్షన్ దానికే ఉంది. ముందు ఆ గ్రూపులోంచి బయటికి రా, వచ్చేటప్పుడు గమ్మున రావద్దు, ఎందుకు పోతుండావో ఒక్క లైను రాసి రా. ఒకడన్నా ఆగుతాడు.

ఆమెకి చెప్పాలి. చెబితే వదిలేసి పోద్దేమో, కేసు పెడుద్దేమో, రెండూ ఆమె హక్కులే. చెప్పకపోతే ఆమె చేయించుకోవాల్సిన పరీక్ష చేయించుకోదు, రేపు ఏదన్నా బయటపడితే ఎక్కడినుంచి వచ్చిందో అర్థం కాక తనని తనే అనుమానించుకుంటుంది. మొదట నువ్వు పో, ఒంగోలు గవర్నమెంట్ ఆస్పత్రిలో హెచ్‌ఐవి, సుఖవ్యాధుల పరీక్షలు చేయించుకో. మూడు నెలలు నిండాక మళ్లీ ఒకసారి. రిపోర్టు కోసం అని చెప్పడం వాయిదా వెయ్యొద్దు, అది రెండు మూడు రోజుల పని.

ఎట్టా చెప్పాలి అని ఫోన్లో అడిగావు కాబట్టి రాస్తుండా. ఆమె ఒక్కతే ఉన్నప్పుడు, ఆఫీసులో కాదు, నడిరోడ్డు మీద కాదు, ఆమె లేచి వెళ్లిపోగలిగే చోట. ఆ రోజు నేను నీకు చెప్పకుండా తీసేశాను, అది తప్పు, నేను పరీక్షలు చేయించుకున్నాను, ఇదిగో రిపోర్టు, నువ్వు కూడా చేయించుకోవాలి, ఖర్చు నాది. అంతే. అప్పుడు తాగి ఉన్నానని, ఫ్రెండ్స్ చెప్పారని అనొద్దు. క్షమించు అని ఆ మాటలోనే అడగొద్దు, అడిగితే జవాబు చెప్పాల్సిన బరువు మళ్లీ ఆమె మీదే పడుద్ది. ఆమె అరిస్తే వినాలి, ఏడిస్తే దగ్గరికి పోయి భుజం మీద చెయ్యి వెయ్యొద్దు, ఆమె వెళ్లిపోతే వెనక పోవద్దు, రాత్రి ఫోన్లు చెయ్యొద్దు.